రద్దీ రోజుల్లో వద్దని చెప్పే దుకాణం

ఈశాన్య ఒహాయోలో మేముంటున్న చిన్న ఊళ్ళో ఒక క్విల్టింగ్ దుకాణం ఉంది. బట్ట ముక్కలు అతికి, మధ్యలో దూది పొర పెట్టి కుట్టే క్విల్ట్ అనే దుప్పట్లకు కావలసిన సరంజామా అక్కడ అమ్ముతారు. 2025 నవంబరు మొదటి వారంలో దాని తలుపు మీద ఒక కాగితం అంటించారు. థాంక్స్‌గివింగ్ ముందు రోజు మధ్యాహ్నానికే దుకాణం మూసివేస్తామనీ, పండుగ రోజైన గురువారంతో పాటు శుక్రవారం కూడా సెలవేననీ, శనివారం ఉదయం పది గంటలకు మళ్ళీ తెరుస్తామనీ, పండుగ పేరిట తగ్గింపు ధరలేవీ ఉండవనీ అందులో రాశారు. ఆ తరువాత కార్తీకమాసపు భోజనాలకు కొన్ని తెలుగు కుటుంబాలం ఒకరి ఇంట్లో కలుసుకున్నాం. పండుగ మర్నాడు దుకాణాలు భారీ తగ్గింపులు పెట్టే బ్లాక్ ఫ్రైడేకి ఎవరు ఏమి కొనబోతున్నారన్న మాటల మధ్య నేను ఈ కాగితం సంగతి చెప్పాను. ఒక సంస్థలో ఖాతాలు చూసే స్నేహితురాలు వెంటనే, "జనం డబ్బు తీసి ఖర్చుపెట్టే రోజున తలుపులు వేసుకుంటే ఇక వ్యాపారం దేనికండీ? ఇంకో రెండేళ్ళలో మూతపడుతుంది, చూడండి" అన్నది. ఆమె మాటలో వెటకారం లేదు. చిన్న దుకాణాలు మూతపడుతుంటే బాధపడే మనిషే. అందుకే అక్కడికక్కడ ఏదో ఒక జవాబు చెప్పి ఊరుకోవడం నాకు సాధ్యం కాలేదు.

గిరాకీ ఎక్కువగా ఉన్న వారాల్లో ఒక దుకాణం ఏ బేరాన్ని వదులుకుంటుందో చూసి, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చుకోవచ్చని నా అభిప్రాయం. క్విల్టింగ్ వంటి నెలల తరబడి సాగే పనికి సరంజామా అమ్మే చోట ఈ వదులుకోవడం మరీ అవసరం. నవంబరు, డిసెంబరు నెలల్లో మా ఊరి దుకాణం పాటించే సెలవులు, కలిసి కుట్టే రోజులు, కొందరికి "ఇప్పుడు మొదలుపెట్టకండి" అని చెప్పి పంపడం, ఇవన్నీ ఆ చేతిపనిని నిలబెడుతున్న పద్ధతులని నేను నమ్ముతున్నాను. అయితే నా స్నేహితురాలి లెక్కలోనూ బలముంది. దాన్ని తప్పించుకుని ఈ మాట చెప్పడం న్యాయం కాదు.

గొలుసు దుకాణం పోయిన తరువాత

1943లో క్లీవ్‌ల్యాండ్‌లో మొదలై, ఇక్కడికి దగ్గరలోని హడ్సన్ కేంద్రంగా దేశమంతా విస్తరించిన, బట్ట, కుట్టుసామగ్రి అమ్మే జోఆన్ గొలుసు దుకాణాల సంస్థ 2024 మార్చిలో ఒకసారి, 2025 జనవరిలో మరొకసారి దివాలా రక్షణ కోరింది. ఫిబ్రవరిలో, మిగిలి ఉన్న సుమారు 800 దుకాణాలనూ మూసివేస్తామని ప్రకటించి, మే నెలాఖరుకల్లా ఆ పని పూర్తి చేసింది. జూన్‌లో దాని పేరును, సొంత బ్రాండ్లను చేతిపనుల సామగ్రి అమ్మే మైకెల్స్ సంస్థ కొనుక్కుంది. మిగతా రాష్ట్రాలవారికి అది వ్యాపార వార్త కావచ్చు. ఈ ప్రాంతంలో మాత్రం అది తెలిసినవాళ్ళ ఉద్యోగాలు పోయిన వార్త.

కాబట్టి జోఆన్ లేని మొదటి పండుగల కాలం 2025దే. ఇంతకాలం అక్కడ బట్ట కొన్నవారిలో చాలామంది ఇప్పుడు చిన్న దుకాణాల గుమ్మం ఎక్కుతున్నారు. వాళ్ళతో పాటు ఒక అలవాటు కూడా వచ్చింది. ఆ గొలుసు దుకాణంలో బోర్డు మీద ఉన్న ధర అసలు ధర అని ఎవరూ అనుకునేవారు కాదు. ఫోనులో నలభై శాతం తగ్గింపు కూపను ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. దానికి అలవాటు పడిన మనిషికి గజం పదమూడు డాలర్లని చూడగానే మోసపోతున్నట్టు అనిపించడం సహజం. అక్టోబరులో ఒకావిడ కౌంటరు దగ్గర, "ఏ రోజు నుంచి తగ్గిస్తారు?" అని సూటిగా అడిగింది. "ఆ రోజు కూడా ఇదే ధర ఉంటుంది, కాబట్టి మీకు కావలసినప్పుడే కొనుక్కోండి" అని దుకాణం యజమానురాలు మెల్లగా చెప్పారు. వచ్చినావిడ ఏమీ కొనకుండానే వెళ్ళిపోయింది.

ధర వెనుక ఉన్న కథ అందరికీ తెలియదు. క్విల్టింగ్ దుకాణాలకు కంపెనీల ప్రతినిధులు నమూనాలు పట్టుకుని నెలల ముందుగా వస్తారు. క్రిస్మస్ బట్టలకు చలికాలం చివరలోనో వసంతంలోనో ఆర్డరు ఇవ్వాలి, వేసవిలో సరుకు దిగుతుంది. ఒక డిజైను అయిపోతే సాధారణంగా మళ్ళీ అచ్చు వేయరు కనుక, తక్కువ తెప్పిస్తే మధ్యలో అయిపోతుంది, ఎక్కువ తెప్పిస్తే మిగిలిపోతుంది. ఎర్రపూలు, పైన్ కాయలు, మంచు చుక్కలు ఉన్న తానులు డిసెంబరు 24 దాటాక దాదాపు ఏడాది పాటు ఎవరూ అడగకుండా గోడవారగా నిలబడి ఉంటాయి. అద్దె మాత్రం ప్రతి నెలా కట్టాల్సిందే. ఒక చిన్న దుకాణానికి తగ్గింపు అమ్మకం ఆశగా కనబడేది ఇందుకే. నా స్నేహితురాలు చెప్పినదానికి ఆధారం ఇక్కడుంది.

కానీ ఆ లెక్కను చివరిదాకా వేసి చూడాలి. ఈ వ్యాపారంలో సాధారణంగా అమ్మకపు ధరలో సగం బట్ట కొనడానికే పోతుంది. పదమూడు డాలర్ల గజాన్ని నలభై శాతం తగ్గించి ఏడు డాలర్ల ఎనభై సెంట్లకు అమ్మితే, కొన్న ఖర్చు ఆరున్నర పోగా మిగిలేది డాలరు ముప్ఫై సెంట్లు. అద్దె, కరెంటు, కౌంటరు వెనుక బట్ట కోసే మనిషి జీతం అందులోనుంచే రావాలి. పెద్ద సంస్థ ఆ లెక్కను దేశం మొత్తం మీద పరచుకుంటుంది, ఒక చోట పోయినది మరో చోట రాబట్టుకుంటుంది. అంత పెద్ద సంస్థే ఆ దారిలో నిలదొక్కుకోలేకపోయింది. దాని అప్పులు, కరోనా తరువాత పడిపోయిన గిరాకీ వంటి వేరే కారణాలూ ఉన్నాయి కనుక కూపన్లే ముంచాయని నేను అనను. కూపన్లు కాపాడలేదని మాత్రం అనగలను.

కోయవద్దన్న చొక్కాలు

ఈ కాలంలో దుకాణంలో కాసేపు కూర్చుంటే ఒక సంభాషణ పదే పదే వినబడుతుంది. ఒక మనిషి వస్తుంది. కూతురి కోసమో మనవడి కోసమో క్రిస్మస్ నాటికి క్వీన్ సైజు మంచానికి సరిపడే క్విల్ట్ కుట్టాలనుకుంటుంది. చేతిలో ఫోను, ఫోనులో అందమైన బొమ్మ. యజమానురాలు ఒక కాగితం తీసి లెక్క రాస్తారు. తొంభై అంగుళాల వెడల్పు, వంద అంగుళాల పొడవు అనుకుంటే, పై పొరకు పది గజాల దాకా బట్ట పడుతుంది. బట్ట పన్నా నలభై నాలుగు అంగుళాలే కనుక అడుగు పొరకు మూడు బారులు అతకాలి, అంటే మరో ఎనిమిది తొమ్మిది గజాలు. మధ్యలో దూది పొర. ఈ మూడింటినీ కలిపి కుట్టే పనిని దానికోసమే ఉండే పెద్ద లాంగ్‌ఆర్మ్ మిషను ఉన్నవాళ్ళకు ఇస్తే, చదరపు అంగుళానికి రెండున్నర సెంట్ల చొప్పున తొమ్మిది వేల చదరపు అంగుళాలకు 225 డాలర్లు. అయితే క్రిస్మస్‌కి అందాలంటే వాళ్ళ దగ్గర వరుసలో అక్టోబరు చివరికే చోటు నిండిపోతుంది. ఒహాయోలోనే హోమ్స్ కౌంటీలో పాతకాలపు పద్ధతుల్లో బతికే ఆమిష్ అనే క్రైస్తవ సమాజపు స్త్రీల చేత చేతికుట్టు వేయిద్దామంటే దానికి నెలలు పడుతుంది.

అంతా రాసి, ఆ కాగితాన్ని వచ్చినావిడ వైపు తిప్పి, "ఈ పనిని జనవరిలో మొదలుపెట్టండి. ఇప్పటికి బల్ల మీద పరిచే రన్నరు ఒకటి కుట్టి ఇవ్వండి, రెండు సాయంత్రాలలో అయిపోతుంది" అంటారు. పంతొమ్మిది గజాల బేరం గజంన్నర దగ్గర ఆగుతుంది. ఇలా ఒకసారి కాదు, ఈ కాలమంతా జరుగుతూనే ఉంటుంది. పంతొమ్మిది గజాలు కోసి, సంచీలో పెట్టి, నవ్వుతూ పంపించడం ఆవిడకు ఎంత సులువో ఆలోచించండి. ఆ బట్ట డిసెంబరు పదిహేనో తారీఖుకి సగం అతుకులతో ఆగిపోయి, ఒక పెట్టెలోకి చేరి, పెట్టె మంచం కిందికి చేరుతుంది. మొదటిసారి కుట్టడానికి కూర్చున్న మనిషి, ఈ పని తన వల్ల కాదనే నిర్ణయానికి వస్తుంది. దుకాణానికి డబ్బు వచ్చి ఉంటుంది. క్విల్ట్ కుట్టేవాళ్ళలో ఒకరు తగ్గి ఉంటారు.

నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది ఒక యువకుడి సంగతి. క్రిస్మస్‌కి ఇంకా రెండు వారాలున్నాయనగా ఒక పెద్ద సంచీ పట్టుకుని వచ్చాడు. అందులో అతని తండ్రి చొక్కాలు ఉన్నాయి. తండ్రి ఆ వేసవిలో పోయారట. ఆ చొక్కాలతో క్విల్ట్ చేయించి పండుగ నాడు తల్లికి ఇవ్వాలని, ఎంతైనా ఇస్తానని అన్నాడు. యజమానురాలు చొక్కాలను ఒక్కొక్కటిగా బల్ల మీద పరిచి చూశారు. కొన్ని పలచబడిపోయాయి, వాటికి వెనుక అంటుబట్ట ఇస్త్రీ చేసి అతికించాలి. కొన్ని సాగే బట్టలు. కాలరు, గుండీల పట్టీ, జేబు, కుట్లు తీసివేస్తే ఒక్కో చొక్కాలో పనికొచ్చేది ఎంతో లేదు. ఇవన్నీ అతనికి చూపించి, ఆఖరున, "ఇవి ఒకసారి కోశాక మళ్ళీ చొక్కాలు కావు. మీ అమ్మగారు వీటిలో ఏదైనా అలాగే దాచుకోవాలనుకుంటున్నారేమో అడిగారా?" అన్నారు. అతను అడగలేదు. "పండుగ అయ్యాక ఆవిడనే తీసుకుని రండి, ఇద్దరూ కలిసి ఎంచుకోండి" అని చొక్కాలను మళ్ళీ మడతపెట్టి సంచీలో సర్ది ఇచ్చారు. ఒక్క డాలరు కూడా తీసుకోలేదు.

చలి తగ్గకముందే తల్లీ కొడుకులు వచ్చారు. గళ్ళ చొక్కా ఒకటి, తెల్ల చొక్కా ఒకటి ఆవిడ కోయనివ్వలేదు. మిగతావాటితో ఒళ్ళో కప్పుకునేంత క్విల్ట్ మొదలుపెట్టారు. కొడుకు కోశాడు, తల్లి కుట్టింది. ఇది చూసిన తరువాత, గజానికి ఆ దుకాణం తీసుకునే ధరలో ఇటువంటి మాటలకు అయ్యే ఖర్చు కూడా ఉందని నాకు అర్థమైంది. ఆ మాటలు చెప్పడానికి ఒక మనిషి గంటసేపు నిలబడాలి. బ్లాక్ ఫ్రైడే వరుసలో ఇరవై మంది వెనుక నిలబడి ఉంటే ఆ గంట దొరకదు.

పండుగను వారం ముందుకు జరిపిన చరిత్ర

పాతకాలంలో పండుగ పండుగగానే ఉండేది, ఇప్పుడే వ్యాపారం అయిపోయిందని చాలామంది అంటారు. నేను ఆ వాదన చేయడం లేదు, చేయడానికి చరిత్ర ఒప్పుకోదు. లింకన్ 1863లో అంతర్యుద్ధం మధ్యలో థాంక్స్‌గివింగ్‌ను జాతీయ పండుగగా ప్రకటించాడు. తరువాత ఏటా నవంబరు చివరి గురువారం జరుపుకునేవారు. 1939లో ఆ గురువారం 30వ తారీఖున పడింది. క్రిస్మస్ కొనుగోళ్ళకు రోజులు తగ్గిపోతాయని వ్యాపారులు మొరపెట్టుకోగా, అధ్యక్షుడు రూజ్వెల్ట్ పండుగను ఒక వారం ముందుకు జరిపాడు. రాష్ట్రాలు రెండుగా చీలిపోయి, కొన్ని ఒక గురువారం, కొన్ని మరో గురువారం పండుగ చేసుకున్నాయి. చివరికి 1941లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ నాలుగో గురువారమని చట్టం చేసింది. అంటే ఇప్పుడు మనకు సెలవు వచ్చే ఈ తేదీని నిర్ణయించడంలోనే దుకాణాలవాళ్ళ చేయి ఉంది. పండుగ తరువాతి శనివారాన్ని చిన్న దుకాణాల రోజుగా 2010లో మొదలుపెట్టినది కూడా అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అనే క్రెడిట్ కార్డు సంస్థ.

కాబట్టి శనివారం నాడు ఆ దుకాణానికి వెళుతున్నప్పుడు నేనూ ఒక కార్డు కంపెనీ ప్రచారంలో భాగమే కదా అన్న సందేహం నాకు ఉంది. అది పూర్తిగా తీరలేదు. కానీ ఆ రోజును ఈ దుకాణం ఏమి చేసుకున్నదో చూస్తే కొంత నెమ్మది కలుగుతుంది. ఆ శనివారం ఎవరి సగం పని వాళ్ళు తెచ్చుకోవాలన్నది ఇక్కడి ఆనవాయితీ. పూర్తికాని పనులను క్విల్టర్లు యూఎఫ్ఓలు అంటారు. అందరి ఇళ్ళలోనూ అవి ఉంటాయి. వెనుక గదిలో పొడవాటి బల్లలు వేసి, మిషన్లు పెట్టి, వేడి ఆపిల్ సైడరు కాచి ఉంచుతారు. అతుకులు కుదరనివారికి కుదిరినవారు చెబుతారు. క్విల్ట్ చుట్టూ కుట్టే బైండింగ్ అంచు మూలల దగ్గర ఎలా తిప్పాలో అక్కడే నేర్చుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. మధ్యాహ్నం పాచికలాట ఒకటి ఉంటుంది. ఒక్కొక్కరు మూడు ఫ్యాట్ క్వార్టర్లు, అంటే పద్ధెనిమిది అంగుళాలకు ఇరవై రెండు అంగుళాల బట్ట ముక్కలు తెచ్చుకుని వలయంగా కూర్చుంటారు. పాచిక చెప్పినట్టు ముక్కను ఎడమ పక్కవారికో కుడి పక్కవారికో ఇవ్వాలి, లేదా మధ్యలో వేయాలి. చివరికి ఎవరి చేతిలో ముక్క మిగులుతుందో మధ్యలోని కుప్ప అంతా వారిదే. గల్లాపెట్టె ఆ రోజు పెద్దగా మోగదు.

నవంబరు 11న, మాజీ సైనికులను గౌరవించే వెటరన్స్ డే నాడు, అదే గదిలో మరో పని జరుగుతుంది. యుద్ధాలలో పనిచేసి వచ్చినవారికి క్విల్టులు కుట్టి ఇచ్చే క్విల్ట్స్ ఆఫ్ వేలర్ అనే ఉద్యమం 2003లో మొదలైంది. దానికోసం ఎర్ర, తెల్ల, నీలి రంగుల బ్లాకులు, అంటే క్విల్ట్‌లో అతికే చదరపు ముక్కలు, కుడతారు. బట్ట దుకాణం ఇస్తుంది, పని మనం చేస్తాం. ఆ రోజు అక్కడ కూర్చున్నవారిలో యుద్ధాలను సమర్థించేవారు, వ్యతిరేకించేవారు ఇద్దరూ ఉంటారు. సూది పట్టుకుని పక్కపక్కన కూర్చున్నప్పుడు ఆ చర్చ రావడమూ, కొంత వేడెక్కడమూ నేను చూశాను. అయినా మరుసటి ఏడాది మళ్ళీ వాళ్ళే వస్తారు.

ఈ పండుగలు మనవి కావు కదా అని మనవాళ్ళు కొందరు నన్ను అడిగారు. నాకు ఆ దుకాణంలో ఎవరూ ఏ పండుగా అంటగట్టలేదు. కార్తీక పౌర్ణమికి ఇంట్లో వత్తులు వెలిగించి, మర్నాడు అక్కడికి వెళ్ళి ఎర్ర నక్షత్రాల బ్లాకు కుట్టడంలో నాకు ఇబ్బంది కలగలేదు.

అత్తయ్యగారి ప్రశ్న

దీనికంటే గట్టి అభ్యంతరం మా అత్తయ్యగారి నుంచి వచ్చింది. ఆవిడది మచిలీపట్నం దగ్గరి పల్లె. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, అంచుల నుంచి లోపలికి సాదా కుట్టు వేసుకుంటూ బొంతలు కుట్టడం ఆవిడకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఇక్కడికి వచ్చినప్పుడు ఒకసారి నాతో దుకాణానికి వచ్చి, గోడల నిండా నిలబెట్టిన తానులు చూసి, కౌంటరు దగ్గర కోయించుకుంటున్నవాళ్ళను చూసి, బయటికి వచ్చాక, "ఏమ్మా, శుభ్రమైన కొత్త బట్టను కొని, ముక్కలు చేసి, మళ్ళీ అతుక్కోవడం ఎందుకు? మేము గుడ్డ చిరిగాక బొంత కుట్టేవాళ్ళం. మీరు బొంత కోసం గుడ్డ చించుతున్నారు" అన్నారు.

దీనికి చరిత్ర ఒక జవాబు ఇస్తుంది, అది అత్తయ్యగారి ఊరి మీదుగానే వెళుతుంది. అమెరికన్ క్విల్ట్ అనగానే పేదింటి మిగులు ముక్కల బొమ్మ మన కళ్ళ ముందుకు వస్తుంది కానీ, తొలినాళ్ళ క్విల్టులలో చాలా భాగం కలిగినవాళ్ళ ఇళ్ళలో, ఖరీదైన బట్టతో కుట్టినవే. పదిహేడు, పద్ధెనిమిది శతాబ్దాలలో కోరమండల్ తీరం నుంచి, మచిలీపట్నం రేవు నుంచి వెళ్ళిన రంగుల అద్దకపు నూలు బట్టల మీద యూరప్‌కు ఎంత మోజు ఉండేదంటే, తమ ఉన్ని, పట్టు నేతగాళ్ళను కాపాడుకోవడానికి ఇంగ్లండు 1721లో చట్టం చేసి వాటి వాడకాన్ని నిషేధించింది. అటువంటి బట్టలోని పూలను, పక్షులను, చెట్లను జాగ్రత్తగా కత్తిరించి, సాదా బట్ట మీద కుట్టి క్విల్టులు చేసే పద్ధతి అట్లాంటిక్ ఇరువైపులా నడిచింది. ఆ పనికి బ్రోడరీ పెర్స్ అనే పేరు తరువాత వచ్చింది. కొత్త బట్టను కోసి కుట్టడం ఈ కాలపు దుబారా కాదని ఆవిడకు చెప్పాను. మిగులుతో కుట్టిన కాలమూ ఉంది: 1930ల ఆర్థికమాంద్యంలో పిండి, దాణా వచ్చిన పూల అచ్చు సంచులతో క్విల్టులు కుట్టారు. అలబామాలోని జీస్ బెండ్ నల్లజాతి స్త్రీలు అరిగిపోయిన పని బట్టలతో కుట్టినవి 2002 నుంచి పెద్ద మ్యూజియంల గోడల మీదికి ఎక్కాయి.

ఆవిడ అంతా విని, "అప్పటివాళ్ళు కొన్నది కుట్టారు. ఇప్పటివాళ్ళు కుడుతున్నారా?" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అది నిజమైన సమస్య. క్విల్టర్ల ఇళ్ళలో అలమరల నిండా పోగుపడిన బట్ట గురించి అందరికీ తెలుసు. ఒక జీవితకాలంలో కుట్టలేనంత బట్ట కొన్నవాళ్ళున్నారు. వాళ్ళు పోయాక పిల్లలు వాటిని పెట్టెల కొద్దీ దానం చేస్తారు. ఆ పోగును పెంచేది ముఖ్యంగా పండుగ తగ్గింపులే అని నేను గమనించాను. అవసరమై కొన్న బట్టకు ఒక పని రాసిపెట్టి ఉంటుంది. సగం ధరకు వచ్చిందని కొన్న బట్టకు అలమర తప్ప చోటు ఉండదు. తగ్గింపు పెట్టని దుకాణం మనిషి చేత తక్కువ కొనిపిస్తుంది, కొన్నది కుట్టిస్తుంది. అత్తయ్యగారి అభ్యంతరం చివరికి నా వాదనకే బలమిచ్చింది, ఆవిడ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ఆ శనివారం మాత్రం వెనుక గదిలో నాతో కూర్చుని, చేత్తో ఒక క్విల్ట్ అంచు అంతా కుట్టి పెట్టారు. పక్కన కూర్చున్న ముసలావిడ ఆ కుట్టు సమంగా రావడం చూసి, తన కళ్ళజోడు సర్దుకుని, ఎలా పట్టుకుంటున్నారో చూపించమని అడిగింది.

కొనలేనివారి మాట

ఇక తప్పించుకోలేని ప్రశ్న ధరది. పై లెక్క ప్రకారమే ఒక పెద్ద క్విల్టుకు బట్ట, దూది, లాంగ్‌ఆర్మ్ కలిపి సుమారు 500 డాలర్లు అవుతుంది. పింఛను మీద బతికేవాళ్ళకు అది ఒక నెల సరుకుల ఖర్చు. తగ్గింపు లేదన్న కాగితం నాకు నిజాయితీగా కనబడుతుంది. వాళ్ళకు అది మూసిన తలుపుగా కనబడవచ్చు. గొలుసు దుకాణంలో కూపను పట్టుకుని, మిగిలిపోయిన ముక్కల బుట్ట వెతికి, ఏటా మనవలకు ఏదో ఒకటి కుట్టి ఇచ్చిన అమ్మమ్మలు ఈ ప్రాంతంలో ఎందరో ఉన్నారు. ఆ దుకాణం పోయినందుకు నేను సంతోషించలేను. అక్టోబరులో తగ్గింపు ఎప్పుడని అడిగి వెళ్ళిపోయిన ఆవిడ దురాశతో అడిగిందని అనుకోవడానికి నాకు ఏ ఆధారమూ లేదు.

యజమానురాలితో ఈ మాట ఎత్తాను. తన వ్యాపారం నవంబరు మీద ఆధారపడి లేదని ఆవిడ చెప్పారు. ఇక్కడ మంచు కురిసే జనవరి నుంచి మార్చి దాకా జనం ఇళ్ళలో కూర్చుని కుడతారు. తరగతులు నిండేవీ, పెద్ద క్విల్టులకు బట్ట అమ్ముడుపోయేదీ అప్పుడే. నవంబరులో వద్దని చెప్పి పంపినవాళ్ళలో చాలామంది అప్పుడు తిరిగి వస్తారు. అంటే నా స్నేహితురాలు అడిగిన వ్యాపారపు లెక్కలోనూ ఆ మూసిన శుక్రవారం పూర్తిగా నష్టం కాదు. ఈ మాట స్నేహితురాలికి చెబితే, "తిరిగి రానివాళ్ళ లెక్క ఆవిడ దగ్గర ఉందా?" అని అడిగింది. లేదు, ఉండదు కూడా. వాళ్ళు మరెక్కడికో వెళ్ళి ఉంటారు, లేదా కుట్టడమే మానేసి ఉంటారు.

అందుకని నేను యజమానురాలి ముందు ఒక ప్రతిపాదన పెట్టాను. అందరికీ ఒక రోజు తగ్గించే బదులు, ఏడాది పొడవునా ఒక అర, అంటే షెల్ఫు, కేటాయించి, నిరుటి క్రిస్మస్ తానులను కొన్న ధరకే అక్కడ పెట్టమన్నాను. కావలసినవారు కారణం చెప్పనక్కరలేకుండా తీసుకోవచ్చు. దానితో పాటు, పెద్ద క్విల్టుకు బట్ట ఒకేసారి కోసి పక్కన పెట్టి, నెలకు కొంత చొప్పున కట్టించుకోవచ్చు. డిజైన్లు మళ్ళీ దొరకవు కనుక బట్టను ముందే కోసి ఉంచడం కొనేవారికి మేలు. కోసినది తిరిగి అమ్ముడుపోదు కనుక మధ్యలో మానేస్తే నష్టం దుకాణానిది. వాయిదాల సంగతి ఆలోచిస్తానన్నారు. అర విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. కొన్న ధరకు ఇచ్చే చోటు ఒకటుందని తెలిస్తే ఉన్నవాళ్ళే ముందుగా ఖాళీ చేస్తారని, అవసరమైనవాళ్ళు వచ్చేసరికి అక్కడ ఏమీ మిగలదని ఆవిడ భయం. శనివారాలు వచ్చేవాళ్ళను చూసి చెబుతున్నాను, అలా జరగదని నా నమ్మకం. మాలో కొందరం వంతులవారీగా ఆ అర బాధ్యత చూసుకుంటామని, ఒక్క చలికాలం పెట్టి చూడమని మళ్ళీ అడగబోతున్నాను.